ప్రైమర్ మీద బరకం

కోదండరామయ్య షెడ్డుకు బోర్డు లేదు. గుండుగొలను దాటి ఏలూరు వైపు వెళ్తుంటే హైవేకి ఎడమ పక్కన రేకుల కప్పు కనిపిస్తుంది. దాని కింద ఎప్పుడూ ఒకటో రెండో బూడిద రంగు కార్లుంటాయి. ఆ బూడిద రంగు ప్రైమర్‌ది. పాత రంగు గీకేసి, సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, అసలు రంగు వేసే ముందు రేకు మీద కొట్టే పూత అది. ఆ దశలో ఉన్న కారు తిరుపతిలో గుండు చేయించుకుని ఇంకా టోపీ కొనుక్కోని మనిషిలా ఉంటుంది. చూస్తే యజమానికి ఆత్రం పుడుతుంది.

“అంతా అయిపోయినట్టే గదండీ. రంగు కొట్టేస్తే ఓ పనైపోతుంది,” అంటాడు.

“ఇంకా ఆరలేదండి,” అంటాడు కోదండరామయ్య.

అరవై అయిదేళ్ళ జీవితంలో అతను ఎక్కువసార్లు పలికిన మాట ఇదే. అతని భార్య వీరదుర్గ దీన్ని పట్టుకుని ఊరికే వదలదు. “పెళ్ళిచూపుల్లో మా నాన్న ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామండీ అనడిగాడు. ఈయన ఇంకా ఆరలేదండి అనలేదు, అదే నయం,” అంటుంది వచ్చినవాళ్ళతో, మజ్జిగ గ్లాసు చేతికిస్తూ.

చేతిపని వాళ్ళ గురించి రాసేవాళ్ళు వాళ్ళ నోట తప్పకుండా పనిని పూజ అనిపిస్తారు. కోదండరామయ్య అలాంటి మాట ఏనాడూ అనలేదు. అతనికి ఈ పని అంటే గోళ్ళ సందుల్లోంచి ఎన్నటికీ పోని రంగు, మధ్యాహ్నం పెరుగన్నంలో కూడా తగిలే థిన్నర్ వాసన, చలికాలం వస్తే వదలని దగ్గు. చేసిన బండ్లలో చాలావాటిని మరిచిపోయాడు కూడా. ఒక్క కారును మాత్రం మరవలేకపోయాడు. అది ఏలూరు బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. పాతికేళ్ళు అలా తిరిగిపోయాడు.

కోదండరామయ్యది వరి పండించే ఇల్లు. తండ్రికి మూడెకరాల పల్లం ఉండేది. ఇంటర్ తప్పాక, డెబ్భై ఏడులో, పద్ధెనిమిదేళ్ళ వయసులో తాడేపల్లిగూడెంలో తాతాజీ గారి లారీ షెడ్డులో చేరాడు. గూడేనికి బియ్యం, బెల్లం, ఉల్లిపాయలు ఎత్తుకోవడానికి ఎక్కడెక్కడి లారీలూ వచ్చేవి. వాటి వెనక పలకల మీద తాతాజీ వేసే తామరపువ్వుల కోసం, రెక్కలు చాపిన డేగల కోసం డ్రైవర్లు రెండేసి రోజులు ఆగేవాళ్ళు. కోదండరామయ్య ఆ డేగలు నేర్చుకుందామనే చేరాడు. రెండేళ్ళపాటు కుంచె ముట్టుకోనివ్వలేదు తాతాజీ. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం నీళ్ళలో ముంచి ప్రైమర్‌ని రుద్దించాడు, అంతే.

“నీళ్ళు పెట్టి రుద్దాలిరా కోదండం. తర్వాత ఆ నీళ్ళని వెళ్ళగొట్టాలి. మన బతుకంతా ఈ రెండు పనులే,” అనేవాడు తాతాజీ.

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కోదండరామయ్యకు ఆ ఎండ కనబడుతుంది. రోడ్డు వార వరసగా ఏడెనిమిది లారీ క్యాబిన్లు, అన్నీ బూడిద రంగులో, ఒంటిపూట బడి పిల్లల్లా ఎండలో నిలబడి ఉండేవి. తాతాజీ లుంగీ ఎగ్గట్టి, చేతిలో టీ గ్లాసుతో వాటి మధ్య తిరుగుతూ, అరచెయ్యి తిరగేసి చేతి వెనక వైపుతో ఒక్కో రేకునూ తాకి చూసేవాడు. అరచేతికి చెమట ఉంటుంది, అది తగిలితే మచ్చ పడుతుంది. “ప్రైమర్‌ని నమ్మకు. పైకి గట్టిగా ఉన్నట్టు కనబడుతుంది గానీ వెల్ల వేసిన మట్టిగోడ అది. నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళ మీద రంగేశావంటే లోపల మనిషిని పెట్టి తలుపేసినట్టే. ఎప్పుడో లోపల్నుంచి తంతాడు.” గూడెం ఎండలో ఈ మాట నిజమో అబద్ధమో తేల్చుకునే అవసరం ఎన్నడూ రాలేదు. ఒక పూటలో ఎండ అంతా చూసుకునేది. తాతాజీ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ షెడ్డున్న చోట ఇప్పుడు మొబైల్ కొట్లున్నాయి.

తొంభై రెండులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు కోదండరామయ్య. అక్కడ ఎండ సంగతి వేరు. కొల్లేరు వైపు వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోతున్నాయి. అతని షెడ్డు వెనక గోడ దాకా నీళ్ళొచ్చాయి. సాయంత్రం నాలుగయ్యేసరికి అటునుంచి చెమ్మ లేచేది. కట్టిన దండెం మీద బట్టలు మర్నాటికి కూడా ఆరక చేతికి అంటుకునేవి. గూడెంలో నేర్చుకున్న పని ఇక్కడి గాలికి సరిపోదని అతనికి లీలగా తెలుసు. ఎంత సరిపోదో తొంభైతొమ్మిది నవంబరులో తెలిసింది.

శ్రీరామచంద్ర గారు ఏలూరులో కెమిస్ట్రీ లెక్చరరు. పవర్‌పేటలో ఇల్లు. ఎనభై నాలుగులో కొన్న ఫియట్ కారు, మీగడ రంగుది. పదిహేనేళ్ళు నిండాయి కాబట్టి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, దానికి ముందు కొత్తగా రంగు వేయించాలనుకున్నారు. ఎవరో చెబితే గుండుగొలను తెచ్చి కోదండరామయ్యకు అప్పగించారు. రేకు పని అయింది, ప్రైమర్ అయింది, వాటర్ పేపర్ అయింది. కారు ఇంకా తడిగా ఉండగానే ఆ సాయంత్రం మబ్బు పట్టింది. షెడ్డుకు అప్పట్లో సగం కప్పే.

వరి కోసిన ఇంటివాడికి మబ్బు కనబడితే చెయ్యి ఒక్కదాని కోసమే వెతుక్కుంటుంది. బరకం. కుప్ప మీదైనా, ధాన్యపు రాశి మీదైనా కప్పి, అంచుల్లో గాలి దూరకుండా బరువులు పెట్టే నల్ల టార్పాలిన్. కోదండరామయ్య సైకిలేసుకుని అన్నగారి కళ్ళానికి వెళ్ళి బరకం తెచ్చాడు. వీరదుర్గ ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ ఫియట్‌ను రాశిని కప్పినట్టు నేలదాకా కప్పి, చుట్టూ ఇటుకలు పేర్చారు. రాత్రంతా వాన కొట్టింది. పొద్దున బరకం తీస్తే పైనుంచి ఒక్క చుక్క లోపలికి దిగలేదు. కోదండరామయ్య పొంగిపోయాడు. బరకం లోపలి వైపు చెమట పట్టి ఉంది, బానెట్ మీద బొట్లున్నాయి. గుడ్డతో తుడిచేశాడు. పదకొండింటికి ఎండొచ్చింది. చేతి వెనక వైపుతో తాకితే పొడిగా తగిలింది. మధ్యాహ్నం రంగు కొట్టేశాడు. తన చేతి మీద అంత నున్నటి మెరుపు అంతకుముందు రాలేదు. శ్రీరామచంద్ర గారు బానెట్‌లో ముఖం చూసుకుని మీసం సవరించుకున్నారు.

ఫిబ్రవరిలో కారు తిరిగొచ్చింది. బానెట్ నిండా చిన్న చిన్న పొక్కులు, అమ్మవారు పోసినట్టు.

“ఏమిటయ్యా ఇది?” అన్నారు మాస్టారు. కోపంగా కూడా కాదు, వింత చూసినట్టు.

కోదండరామయ్య ఒక పొక్కును గోటితో చిదిపాడు. సన్నగా నీటిచెమ్మ, దాని కింద ఎర్రటి తుప్పు. ఆ క్షణంలో అతనికి మొత్తం అర్థమైంది. బరకం బయటి నీటిని ఆపలేదని కాదు, లోపలి నీటిని పోనివ్వలేదని. ధాన్యపు రాశి అయితే పొద్దున విప్పి పలచగా పరిచి ఎండబెడతారు. ఇక్కడ తను ఆ నీటి మీద రంగేసి తలుపు మూసేశాడు. ఇదంతా అర్థమయ్యాక అతను నోరు తెరిచి అన్న మాట ఇది:

“కొల్లేటి గాలండి మాస్టారూ. చెమ్మ గాలి. ఏ బండికైనా అంతేనండి.”

వేరే మనిషైతే పోట్లాడేవాడు, కథ అక్కడితో అయిపోయేది. శ్రీరామచంద్ర గారు కెమిస్ట్రీ మనిషి. ఆయన ముఖం వెలిగింది. “అవునయ్యా. నీళ్ళు, ఆక్సిజన్, ఇనుము. గాలిలో తేమే చాలు,” అన్నారు.

“మళ్ళీ వేసిచ్చేస్తానండి,” అన్నాడు కోదండరామయ్య.

“ఎందుకు, మళ్ళీ లేచేదేగా. ఉండనీ. పిల్లలకు చూపించడానికి పనికొస్తుంది.”

అన్నంత పనీ చేశారు. రిటైరయ్యే దాకా ఏడేళ్ళు, ఏడు బ్యాచ్‌ల పిల్లల్ని కారు చుట్టూ నిలబెట్టి, కర్రతో పొక్కులు చూపించి, కొల్లేటి గాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో, దాని మీద ఏ రంగూ ఎందుకు నిలవదో చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఏలూరులోనే ఎవరిచేతనో పైపైన రంగు కొట్టించారు. కింద తుప్పు అలాగే ఉంది కాబట్టి అదీ లేచింది. ఆయన సిద్ధాంతం మరింత బలపడింది.

ఆ అబద్ధం అక్కడితో ఆగినా బాగుండేది. అది తిరిగి తిరిగి కోదండరామయ్య షెడ్డుకే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. “నాలుగు రోజులు ఆరబెట్టడం ఎందుకండీ, కొల్లేటి గాలికి ఎలాగూ లేస్తుందటగా, మా మాస్టారే చెప్పారు,” అనేవాళ్ళు వచ్చినవాళ్ళు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో చేపల వ్యాపారులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, టీచర్లున్నారు. ఎవరికీ ఓపిక లేదు. సరైన పని నేర్చుకున్న తర్వాతే అతనికి ఆ పని చేయనిచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

నేర్చుకోవడం మాత్రం నేర్చుకున్నాడు. పాత బానెట్ ఒకటి తెచ్చి సగం బరకం కప్పి, సగం వదిలేసి, వీరదుర్గ చేత తేదీలు రాయించి ఏడాదిపాటు చూశాడు. చివరికి అతను పట్టుకున్న ఉపాయం చాలా చిన్నది. అరచేతి వెడల్పు పారదర్శకంగా ఉండే పాలిథిన్ ముక్క. దాన్ని ప్రైమర్ మీద పెట్టి నాలుగు అంచులా టేపు అంటించి, ఎండలోనో పెద్ద కరెంటు దీపం ఎదుటో అరగంట ఉంచాలి. లోపల మంచు పట్టిందా, రేకు ఇంకా నీళ్ళు దాచుకుని ఉన్నట్టు. ముక్క తేటగా ఉందా, రంగు వేయొచ్చు. పెద్ద షోరూముల్లో ఇప్పుడు వేడిగాలి గదులున్నాయి, నీళ్ళు తాగని ప్రైమర్లున్నాయి. అతని దగ్గర పాలిథిన్ ముక్క ఉంది.

పోయిన నవంబరులో ఫియట్ మళ్ళీ షెడ్డు ముందు ఆగింది.

నడుపుతున్నది మాస్టారి అమ్మాయి హరిణి. తణుకులో బ్యాంకు ఆఫీసరు. పక్క సీట్లోంచి మాస్టారు దిగారు. డెబ్భై ఆరేళ్ళు, మీసం తెల్లబడింది, నడక మాత్రం అదే. కోదండరామయ్యకు తప్పుకుపోవడానికి సందు లేదు. సొంత షెడ్డు అది.

“ఈ నెలాఖరుకి మళ్ళీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతోందండి. ఇరవై మూడు, శనివారం, ఆర్టీఓ ఆఫీసులో స్లాట్ దొరికింది,” అంది హరిణి. “రంగు మీరే వేయాలని నాన్నగారి పట్టుదల. నేను మాత్రం ముందే చెబుతున్నాను. ఇదొక్కసారే. ఆ తేదీ తప్పితే తుక్కుకు ఇచ్చేస్తాను. తణుకులో నా కారుకే పార్కింగ్ లేదు, ఇక్కడ ఈయన దీన్ని పట్టుకుని వేలాడుతున్నారు.”

“అది వస్తువు కాదమ్మా, పాఠం,” అన్నారు మాస్టారు.

“పాఠాన్ని తుక్కు కింద తూకం వేస్తే ఎంతొస్తుందో కనుక్కున్నాను నాన్నగారూ.”

కోదండరామయ్య బానెట్ మీది పొక్కుల్ని చూస్తున్నాడు. పాతికేళ్ళలో ఇంత దగ్గరగా వాటిని చూడలేదు. ఈసారి దీన్ని సరిగ్గా చేసి పంపితే చాలనిపించింది. ఇంకే బండి ఎలా పోయినా పరవాలేదనిపించింది.

“వేసిస్తానండి,” అన్నాడు.

రెండు వారాలు రేకు పని పట్టింది. పాత పూతలన్నీ ఇనుము కనబడేదాకా గీకాడు. తుప్పు తిన్నచోట కోసేసి కొత్త ముక్కలు అతికించాడు. పంతొమ్మిదో తారీఖుకు ప్రైమర్, వాటర్ పేపర్ పూర్తయ్యాయి. ఇరవయ్యో తారీఖు తెల్లారేసరికి బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీ చెప్పింది. ఆకాశం చెరువు మీద వాలినట్టు కిందికి దిగింది. వానలో గాలిలో తేడా తెలియడం లేదు.

బుధవారం మధ్యాహ్నం పాలిథిన్ ముక్క తెల్లగా మంచు పట్టింది. సాయంత్రం కూడా అంతే. వీరదుర్గ వచ్చి నిలబడి ముక్కను చూసింది, మొగుణ్ణి చూసింది.

“శనివారానికి ఆరుతుందా?”

“ఆరదు.”

“మాస్టారికి చెప్పండి.”

“ఏం చెప్పను? ఎలాగూ లేచేదే, కొట్టేసెయ్ అంటారు.”

“అనరా మరి. ఆ మాట నేర్పిందెవరు?” అంది వీరదుర్గ. వాన వైపు చెయ్యి చూపి, “ఈసారి కూడా కొల్లేరునే అంటారా, లేకపోతే వాయుగుండాన్ని అంటారా? అదీ దొరికింది,” అంది.

రంగు కొట్టేయడం ఎంత తేలికో కోదండరామయ్యకు తెలుసు. శనివారం కారు మెరుస్తుంది, పాసవుతుంది. ఫిబ్రవరిలో పొక్కులొస్తాయి, మాస్టారు మళ్ళీ సంతోషంగా తల ఊపుతారు. ఎవరూ ఒక్క మాట అనరు. పాతికేళ్ళ కింద అతని ప్రాణానికి హాయిగా ఉన్నది అదే, ఇప్పుడు మింగుడు పడనిదీ అదే.

గురువారం పొద్దున తండ్రీకూతుళ్ళు వచ్చారు. హరిణి ఆ రోజు సెలవు పెట్టింది.

“ఇంకా బూడిదలోనే ఉందేమిటండీ?” అంది.

“ఆరలేదండి. సోమవారం దాటాలి. ఎండ రాకపోతే ఇంకా పట్టొచ్చు.”

“శనివారం స్లాట్ అని చెప్పాను కదండీ.”

“వేసెయ్యవయ్యా కోదండం,” అన్నారు మాస్టారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “మనకు తెలియని సంగతా? సోమవారం వేసినా లేస్తుంది, ఈవేళ వేసినా లేస్తుంది. కొల్లేటి గాలి.”

“లేవదండి,” అన్నాడు కోదండరామయ్య.

“లేవదంటే?”

“కొల్లేటి గాలికి రంగు లేవదండి మాస్టారూ. అది నేను చెప్పిన అబద్ధమండి.”

మొదటి మాట బయటపడ్డాక మిగతావి వాటంతటవే వచ్చాయి. అన్నగారి కళ్ళం, బరకం, ఇటుకలు, బానెట్ మీద బొట్లు, తుడిచిన గుడ్డ, చిదిపిన పొక్కు, అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఫియట్ హెడ్‌లైట్ గుంటలోకే చూశాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను, కోదండరామయ్య గారూ.”

పాతికేళ్ళలో ఆయన ఎప్పుడూ మీరు అనలేదు, గారు అనలేదు. కోదండరామయ్యకు చెంప మీద కొట్టినట్టయింది.

“నా కారు పాడైంది గాలివల్ల కాదు. తడి ప్రైమర్ మీద మీరు రంగు వేయడంవల్ల. అది మీకు ఆ రోజే తెలుసు.”

“తెలుసండి.”

“తెలిసి నన్ను నమ్మించారు. నేను ఏడు బ్యాచ్‌లకు చెప్పాను. కారు చుట్టూ నిలబెట్టి.”

“నేను పరీక్షలో కూడా రాశాను నాన్నగారూ,” అంది హరిణి మెల్లగా. “నాలుగు మార్కులు వేశారు.”

“నువ్వూరుకో.” ఆయన కోదండరామయ్య వైపు తిరిగారు. “కారు పోతే పోయిందయ్యా. ఇనుప ముక్క. నాచేత తప్పు చెప్పించావే. నేను కూడా ఎలాంటివాణ్ణి, ఒక్కసారి ప్రయోగం చేసి చూడలేదు. ఎవరో రంగులవాడు చెప్పాడని…” అక్కడ ఆగిపోయారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆయనకే తేలలేదు.

వీరదుర్గ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. “బరకం రెండో కొస పట్టుకున్నది నేనేనండి,” అంది. “ఆయన్నొక్కణ్ణే అనకండి.”

మాస్టారు నీళ్ళు తాగారు. చెంబు కింద పెట్టి, గొంతు సర్దుకుని, క్లాసులో అడిగినట్టు అడిగారు. “పైనుంచి వాన దిగలేదన్నావు. మరి లోపలికి నీళ్ళెక్కడివి?”

“రుద్దినప్పుడు ప్రైమర్ తాగిన నీళ్ళండి. కింద నేల చెమ్మ. అంతా పైకి లేచి బరకానికి తగిలి, మళ్ళీ కారు మీదే పడిందండి.”

“ఇడ్లీ పాత్ర మూతలా.”

“అంతేనండి.”

“ఇడ్లీ పాత్ర,” అన్నారు మాస్టారు మళ్ళీ, తనలో తాను. “ఇప్పుడు ఆరలేదని ఎలా చెబుతున్నావు?”

కోదండరామయ్య పాలిథిన్ ముక్క కత్తిరించి బానెట్ మీద అంటించి, ఎదుట పెద్ద దీపం పెట్టాడు. నలుగురూ నిలబడి చూశారు. పావుగంటకు ముక్క లోపల పలచటి పొగలా పట్టింది. అరగంటకు సన్నటి బొట్లు కట్టాయి. హరిణి వంగి వేలు పెట్టబోయి ఆగిపోయింది.

“వేళ్ళు తగిలించకండమ్మా, చెమట,” అన్నాడు కోదండరామయ్య.

“ఎన్ని రోజులు కావాలండి?”

“చెప్పలేనండి.”

“చెప్పలేనంటే నేను స్లాట్ ఎలా మార్చాలి? డిసెంబరు ఆరు కనిపిస్తోంది. ఈలోగా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది, కారును ఇంకో బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాలి. ఇంతా చేస్తే ఆరోజుకైనా ఆరుతుందా?”

“ఆరితేనే వేస్తానండి. ఆరకపోతే తుక్కుకే ఇచ్చేయండి. ఇంకోసారి దీనిమీద అబద్ధం మాత్రం వేయలేను.”

హరిణి తండ్రి వైపు చూసింది. ఆయన కారును చూస్తున్నారు, ఆమెను కాదు. ఫోన్ తీసి డిసెంబరు ఆరుకు మార్చింది. “మీ ఇద్దరికీ నేనొక్కదాన్నే దొరికాను,” అంది నొక్కుతూ.

ఆ తర్వాత సంగతి ముందే చెప్పేయొచ్చు. తర్వాతి బుధవారం మధ్యాహ్నం రంగు పడింది. ఆరో తారీఖున కారు పాసయింది. ఈ వానాకాలం దాటే దాకా దాని మీద ఒక్క పొక్కు లేదు. ఇవన్నీ కాగితాల మీది విషయాలు. కోదండరామయ్య ఇప్పటికీ తలుచుకునేది ఆ మధ్యలో గడిచిన రోజుల్ని.

శుక్రవారం నుంచి మాస్టారు రోజూ ఏలూరులో బస్సెక్కి వచ్చారు. చేతిలో రూళ్ళ నోటు పుస్తకం. మొదటి రెండు రోజులూ కోదండరామయ్యతో మళ్ళీ మీరు అనే మాట్లాడారు, అవసరమైనంత వరకే. కారును చెక్క దిమ్మల మీదికి ఎత్తడం, చెరువు వైపు పరదా దించి రోడ్డు వైపు తెరిచి ఉంచడం, పైన తాళ్ళ మీద పలచటి నూలుబట్ట కారుకు తగలకుండా పందిరిలా కట్టడం, నాలుగింటికల్లా చెమ్మ లేవకముందే అంతా మూసేసి దీపాలు వెలిగించడం, ఒక్కోటీ టైము వేసి రాసుకున్నారు. గంటగంటకూ పాలిథిన్ ముక్క చూశారు. ఆదివారం ఒక గంట ఎండ వచ్చింది. ఆ గంటలో ఇద్దరూ కలిసి కారును రోడ్డు వైపుకు తోశారు. డెబ్భై ఆరేళ్ళాయన, అరవై అయిదేళ్ళతను, మధ్యలో బూడిద రంగు ఫియట్. కోదండరామయ్యకు గూడెం గుర్తొచ్చింది. వరసగా నిలబడ్డ క్యాబిన్లు, టీ గ్లాసు, ఒక్క పూటలో అంతా ఆరిపోయే ఆ ఎండ. అలాంటి ఎండలో అబద్ధం అవసరం పడి ఉండేది కాదేమోననిపించింది. తాతాజీ ఉంటే ఆ మాటకు నవ్వేవాడు.

“తాతాజీ అని నా గురువండి. ఆయన ఇవన్నీ చేతి వెనక వైపుతో చూసి చెప్పేవాడండి,” అన్నాడు.

“తప్పు చెప్పేవాడా ఎప్పుడైనా?”

“చెప్పేవాడేనండి. చెబితే ఒప్పుకునేవాడు.”

మాస్టారు నోటు పుస్తకంలోకి చూస్తూ, “ఎండ పోతోంది, తోయవయ్యా లోపలికి,” అన్నారు. ఆ వయ్యా వినబడి కోదండరామయ్య తోసిన తోపుకు కారు అనుకున్నదానికన్నా రెండడుగులు ఎక్కువ లోపలికి పోయింది.

మంగళవారం పదకొండు గంటలకు పాలిథిన్ తేటగా ఉంది. పన్నెండుకు మళ్ళీ వేరే చోట అంటించారు, తేటగానే ఉంది. మాస్టారు పెన్ను మూసి, ఫోన్ తీశారు. ఆయన పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఒకటుంది, నూట ఎనభై మంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక వేలితో చాలాసేపు కొట్టారు. పూర్తయ్యాక పైకి చదివారు.

“నేను మీకు చెప్పిన తుప్పు పాఠంలో ఒక పెద్ద తప్పు ఉంది. నా కారు రంగు పోయింది కొల్లేటి గాలివల్ల కాదు. తడి ఆరని ప్రైమర్ మీద రంగు వేయడంవల్ల. ఆరబెట్టి వేస్తే ఇక్కడ కూడా రంగు నిలుస్తుంది. పరీక్షించకుండా చెప్పినందుకు నాది తప్పు.”

“నా పేరు రాయండి,” అన్నాడు కోదండరామయ్య.

“ఎందుకయ్యా? తప్పు నాది. చూసుకోకుండా చెప్పింది నేను.”

“ముందు చెప్పింది నేనండి.”

మాస్టారు అలాగే పంపేశారు. పది నిమిషాల్లో పదిహేను జవాబులొచ్చాయి. ఎనిమిది దండాలు, నాలుగు గుడ్ మార్నింగ్ సార్‌లు, ఒకరిది పూలగుత్తి. ఇద్దరు మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. నూట ఎనభై మందికి తెలిసిన ఒక సిద్ధాంతం కూలిపోయినందుకు ఎవరికీ ఏమీ పట్టినట్టు లేదు. మాస్టారి ముఖం చిన్నబోయింది.

పదహారోది కాస్త ఆలస్యంగా వచ్చింది. కిరణ్ కుమార్ అనే అతను, కొల్లేటికోట నుంచి చేపల వ్యాన్లు తిప్పుతాడట. సార్, నాకు ఆరు వ్యాన్లున్నాయి, మీ పాఠం విన్నాక వాటికి ఇన్నేళ్ళుగా చవక రంగే కొట్టిస్తున్నాను, అయితే ఎలా ఆరబెట్టాలో కొంచెం చెప్పండి, అని రాశాడు.

మాస్టారు అది రెండుసార్లు చదివి, ఫోన్ కోదండరామయ్య చేతికిచ్చారు. “ఇది నాకు రాదు. నువ్వే చెప్పు.”

“నాకు ఫోన్లో కొట్టడం రాదండి.”

“ఆ మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని మాట్లాడు.”

కోదండరామయ్య రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. మొదటిసారి నొక్కి ఏమీ మాట్లాడకుండా వదిలేశాడు. రెండోసారి దగ్గొచ్చింది. వీరదుర్గ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మూడోసారి వేలు గట్టిగా పట్టుకున్నాడు.

“నమస్కారమండి. నేను గుండుగొలను పెయింటరు కోదండరామయ్యనండి. తొంభైతొమ్మిదిలో మాస్టారి కారు పాడుచేసింది నేనేనండి. ఆయనకు గాలి అని అబద్ధం చెప్పిందీ నేనేనండి.”

అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. వేలు మాత్రం వదల్లేదు. మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“సరే, అదైంది,” అన్నారు మెల్లగా. “ఇప్పుడు అబ్బాయి అడిగింది చెప్పు.”